వేళ్ళు మొరాయించిన వానాకాలం

2006 వానాకాలంలో నాకు చికున్‌గున్యా వచ్చింది. అప్పటికి నేనొక డైలీ సీరియల్‌కి మాటలు రాస్తున్నాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ అరగంట ప్రసారం. ప్రకటనలు పోను దాదాపు 22 నిమిషాల కథ. ఆ కాసేపూ తెర మీద మనుషులు మాట్లాడుతూనే ఉండాలి, ఆ మాటలు ఎవరో ఒకరు రాస్తూనే ఉండాలి. ఆ రాసే మనిషిని నేనే. చేత్తో, పెన్నుతో, ఫుల్‌స్కేప్ కాగితాల మీద రాసేదాన్ని. ఆ చేతి వేళ్ళే ముడుచుకోకుండా పోయిన రోజుల గురించి ఇప్పుడు రాస్తున్నాను. నొప్పి గురించి చెప్పడం సులువే. ఆ నొప్పిలో పుట్టిన మాటల గురించి చెప్పడం కష్టం, అందుకే ఇన్నాళ్ళు పట్టింది. వాటిలో కొన్ని నేను రాసినవాటన్నిటిలోకీ మంచివి. కొన్ని తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ముందు ఆ పని ఎలా ఉంటుందో చెప్పాలి. సీరియల్ చూసేవాళ్ళకి కథ వరసగా వస్తుంది. రాసేవాళ్ళకి అలా రాదు. ఏ సీన్లో ఎవరున్నారు, ఏం జరగాలి అని ఒక్కో సీన్‌కి రెండు మూడు వాక్యాలతో వన్‌లైన్ ఆర్డర్ చేతికొస్తుంది. దాన్ని పట్టుకుని నేను మాటలు రాయాలి. కాగితాన్ని నిలువునా మధ్యకి మడిచి, ఎడమ పక్క నటులు చేసే పని, కుడి పక్క పలికే మాట. సినిమావాళ్ళ నుంచి వచ్చిన పద్ధతి అది. ఎపిసోడ్‌కి ఐదారు సీన్లు. అయితే షూటింగ్ జరిగేది ఎపిసోడ్ల వరసలో కాదు, నటుల డేట్ల వరసలో. అత్తగారి వేషం వేసే ఆవిడ వేరే సీరియళ్ళలో కూడా చేస్తుంటారు. నెలలో మనకిచ్చే రోజులు కొన్నే. ఆ రోజుల్లో ఆవిడ ఉన్న సీన్లన్నీ తీసేయాలి, అవి ఈ వారానివైనా, మూడు వారాల తరవాతివైనా. అంటే కోడలు ఇల్లు వదిలి వెళ్ళే సీన్ రాయకముందే, వెళ్ళిపోయిన కోడలి గురించి అత్తగారు కుమిలిపోయే సీన్ రాసివ్వాలి. ఆ పిల్ల గుమ్మం దాటేటప్పుడు ఏమందో అప్పటికి నాకే తెలియదు.

ఇదంతా సాఫీగా నడవడానికి ఒక్కటే ఆధారం, బ్యాంక్. షూటింగు, ఎడిటింగు, డబ్బింగు, రీరికార్డింగు అన్నీ అయిపోయి ప్రసారానికి సిద్ధంగా ఉన్న ఎపిసోడ్లని యూనిట్లో అందరూ అలాగే అంటారు. రెండు మూడు వారాల బ్యాంక్ ఉంటే రైటర్ రాత్రిపూట నిద్రపోతుంది. అది ఒకటి రెండు ఎపిసోడ్లకి దిగిందంటే పొద్దున రాసింది మధ్యాహ్నం తీసి, రాత్రంతా ఎడిట్ చేసి, మర్నాడు టేపు ఛానల్‌కి పరుగెత్తించాలి. అప్పట్లో బీటా టేపులు. సాయంత్రం వేయాల్సిన ఎపిసోడ్ టేపు మధ్యాహ్నం భోజనాల వేళ చేరడం కూడా నేను చూశాను.

ఆ ఏడాది జ్వరం మా ఒక్క ఇంటికి వచ్చింది కాదు. 2005 చివర్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బయటపడి, 2006లో పక్క రాష్ట్రాలకీ పాకింది. ఆ ఒక్క సంవత్సరంలో దేశం మొత్తం మీద 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు లెక్కకొచ్చాయి. మధ్యలో ముప్పై ఏళ్ళకు పైగా ఇక్కడ పెద్దగా కనబడని జబ్బు కావడంతో వీధివీధినా భయం. పగలు కుట్టే ఏడిస్ దోమ వల్ల వస్తుందనీ, ప్రాణం మీదికి రావడం అరుదేననీ డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. జ్వరం కొద్ది రోజుల్లో పోతుంది. కీళ్ళ నొప్పులు మాత్రం వారాలు, కొందరికి నెలలు ఉండిపోతాయి. నిటారుగా నడిచి ఆస్పత్రికి వెళ్ళిన మనిషి గోడ పట్టుకుని తిరిగి రావడం హైదరాబాద్‌లో మా యూసఫ్‌గూడ సందుల్లో రోజూ కనిపించేది.

మా యూనిట్లో మొదట కెమెరా అసిస్టెంట్ పడ్డాడు. తరవాత మేకప్ మ్యాన్, ఆ తరవాత చిన్న కోడలి వేషం వేసే అమ్మాయి, ఆపైన మామగారు. ఒకరు లేచేసరికి ఇంకొకరు. కాల్షీట్లు చెల్లాచెదురయ్యాయి. "రేపు ఎవరొస్తారో చెప్పలేం మేడమ్, వచ్చినవాళ్ళతో అయ్యేలా సీన్ ఇవ్వండి" అని కో-డైరెక్టర్ ఫోన్. పెళ్ళిచూపుల సీన్‌కి పెళ్ళికూతురి తండ్రి రాలేదు. రాని తండ్రికి ఒక కారణం పుట్టించాను. పుట్టించిన కారణం ఊరుకోదు కదా, తరవాతి ఎపిసోడ్లన్నిటినీ తన వెనక లాక్కుపోయింది. చూస్తూండగానే మూడు వారాల బ్యాంక్ మూడు ఎపిసోడ్లకి కరిగింది. సరిగ్గా అప్పుడు నా వంతు వచ్చింది.

రాస్తూ ఉండగా మణికట్టులో సలుపు మొదలైంది. ఎక్కువ రాయడం వల్లేమో అనుకుని చెయ్యి విదిలించుకుని మళ్ళీ రాశాను. రాత్రికి చలి, ఒళ్ళంతా ఎర్రటి దద్దు, మంచం మీద పక్కకి తిరగాలంటే ఒక్కో కీలూ విడివిడిగా ఏడ్చే నొప్పి. జ్వరం దిగాక లేచి కూర్చోగలిగాను. వేళ్ళు మాత్రం లేవలేదు. పొద్దున్న పూట పిడికిలి పడేది కాదు. మంచినీళ్ళ గ్లాసు రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగేదాన్ని. జడ వేసుకోవడం, చీర కుచ్చిళ్ళు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, ఏదీ నా చేతిలో లేదు. మావారు ఆఫీసుకి వెళ్ళే ముందు నాకు తల దువ్వి వెళ్ళేవారు. మా బాబు స్కూల్ డైరీలో సంతకం పెట్టబోతే పెన్ను జారిపోయింది. డాక్టరుగారు పారాసిటమాల్ రాసి, నీళ్ళు బాగా తాగమని, చేతులకి పూర్తి విశ్రాంతి ఇవ్వమని చెప్పారు. విశ్రాంతి అన్న మాట విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది మర్నాటి ఫస్ట్ షాట్ టైము.

వదిలేయొచ్చు కదా అని చాలామంది అన్నారు. కొన్నాళ్ళకి వేరే రైటర్‌ని పెట్టుకుందాం అని ఛానల్ వైపు నుంచి కూడా కబురు వచ్చింది. ఆ మాటలో తప్పేం లేదు, వాళ్ళకి ప్రసారం ఆగకూడదు. నాకు వేరే లెక్కలున్నాయి. డబ్బులు ఎపిసోడ్ లెక్కన ఇస్తారు. రాయని వారం జీతం రాని వారం. ఒకసారి చేతులు మారిన సీరియల్ తిరిగి రావడం నేనెక్కడా చూడలేదు. వీటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. సీరియల్లోని ఆ ఇంట్లో మనుషులు ఎలా మాట్లాడతారో నాకు తెలుసు. పెద్ద కోడలు కోపం వస్తే గిన్నెలు చప్పుడు చేయదు, ఇంకా మెల్లగా పెడుతుంది. మామగారు భార్యని పేరు పెట్టి పిలవరు, దగ్గుతారు. ఇవన్నీ ఎక్కడా రాసిపెట్టిన విషయాలు కావు. నాతోపాటు మంచం మీద పడున్నాయి.

నాన్నగారు రాజమండ్రి నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి దిగారు. అమ్మ పోయాక ఆయన ఊరు విడిచి ఎక్కడా నాలుగు రోజులు నిలిచేవారు కాదు. ఫోన్లో నా గొంతు విని బయల్దేరిపోయారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరైన మనిషి. సీరియళ్ళంటే గిట్టదు. నేను రాస్తున్నదైనా సరే, టైటిల్స్‌లో నా పేరు పడేదాకా కూర్చుని, పడగానే కండువా దులుపుకుని వీధిలోకి వెళ్ళిపోయేవారు. అలాంటివారు నా మంచం పక్కకి కుర్చీ లాక్కుని, అట్ట ఒళ్ళో పెట్టుకుని, "చెప్పు తల్లీ, రాస్తాను" అన్నారు.

చెప్పలేకపోయాను. రాసేటప్పుడు మాట కాగితం మీదికి వచ్చాకే నాకు తెలిసేది. పెన్ను కదులుతూ ఉంటే వాక్యం దానంతట అది మలుపు తిరిగేది. నోటితో చెప్పాలంటే ముందు లోపల పూర్తిగా తయారవ్వాలి. పైగా ఎదురుగా తండ్రి. భర్త అనుమానించిన ఆడమనిషి ఏడుస్తూ అనే మాటలు కన్నతండ్రికి చెప్పి రాయించడం ఎంత ఇబ్బందో నేను ముందు ఊహించలేదు. నేను గొణిగేదాన్ని, ఆయన "ఏమన్నావు?" అనేవారు, రెండోసారి చెప్పేసరికి ఆ మాటలో ప్రాణం పోయేది. మొదటి రోజు సీన్లు అలా చచ్చీచెడీ పూర్తయ్యాయి. ప్రొడక్షన్ అబ్బాయి గుమ్మంలోనే నిలబడి, కాగితం కాగితంగా తీసుకుని, జిరాక్స్ షాపుకి పరుగెత్తి, అక్కణ్ణుంచి మోటారు సైకిల్ మీద లొకేషన్‌కి వెళ్ళాడు. కో-డైరెక్టర్ ఫోన్ చేసి, "మేడమ్, రైటింగ్ ఎవరిది? ప్రాంప్టింగ్‌కి ఇంత సుఖంగా ఎప్పుడూ లేదు" అన్నాడు. మా కథానాయకుడు కన్నడ అబ్బాయి, కెమెరా వెనక నుంచి ప్రాంప్టింగ్ చెబుతుంటే అందుకుని పలికేవాడు. నాన్నగారి అక్షరాలు గుండ్రంగా, ఒత్తులు తప్పిపోకుండా, దూరం నుంచి కూడా చదివేలా ఉండేవి. ఎడమ పక్క నేను 'ఎంట్రీ' అంటే ఆయన 'ప్రవేశము' అని రాసేవారు. ఆ ముక్క ఎవరూ మార్చలేదు.

పని కష్టమైంది చెప్పడం దగ్గర కాదు, మొదట తోసుకొచ్చే మాట దగ్గర. గడువు మీద పడినప్పుడు మనసులోంచి వచ్చే మొదటి వాక్యం మనది కాదు. ఎక్కడో విన్నది, పది సీరియళ్ళలో పది మంది కోడళ్ళు అనేసినది. తీరిక ఉంటే దాన్ని పక్కకి నెట్టి కూర్చుంటాం, కాసేపటికి ఆ పాత్ర తన మాట తను అంటుంది. గడువు లాక్కునేది ఆ కాసేపటినే. వేగంగా రాయడం ఒక నేర్పే, అలవాటైతే వస్తుంది. నోటికొచ్చిన మొదటి మాటని ఒద్దనగలగడం మాత్రం ఎంత అనుభవం ఉన్నా ప్రతి రాత్రీ కొత్తగా చేయాల్సిందే. జ్వరపు నీరసంలో, కింద మోటారు సైకిల్ ఇంజను ఆడుతూ ఉండగా చేయాలి.

ఒక సీన్ చెబుతాను. పుట్టింటి నుంచి అవమానంతో తిరిగొచ్చిన పెద్ద కోడలు వంటింట్లో నిలబడి ఉంటుంది. అత్తగారు వస్తుంది. అప్పటిదాకా ఇద్దరికీ పడదు. ఆ సీన్లో అత్తగారి మనసు మారాలి, ఆర్డర్లో అంతే ఉంది. నేను కళ్ళు మూసుకుని, ఈ ఇంటి గౌరవం, ఈ ఇంటి కోడలు, నా కూతురి లాంటిదానివి అంటూ ఒక పేజీ మాటలు గడగడా చెప్పేశాను. కాసేపటికి చూస్తే నాన్నగారి పెన్ను కదలడం లేదు. "ఇది ఆవిడ అంటోందా, నిన్న టీవీలో ఎవరో అన్నారా?" అని అడిగారు. ఆయన ఎగతాళికి అనలేదు. నిజంగానే తెలియక అడిగారు. నాకు ఒళ్ళు మండింది. టైమైపోతోంది, కింద అబ్బాయి రెండుసార్లు హారన్ కొట్టాడు. అలా కోపంగా పడుకుని ఉండగా మా నాయనమ్మ జ్ఞాపకం వచ్చింది. ఇంట్లో ఎవరు ఏడుస్తున్నా ఆవిడ ముందు కంచం పెట్టేది. అప్పుడు చెప్పాను: అత్తగారు ఏమీ మాట్లాడదు. పీట వాలుస్తుంది. అన్నం వడ్డిస్తుంది. "ముందు రెండు ముద్దలు తిను. తరవాత ఏడుద్దువు గాని, నేనూ కూర్చుంటాను." సీన్ అంతే. నాన్నగారు రాసి, కింద గీత గీసి, ఏమీ అనకుండా కాగితం అబ్బాయికి ఇచ్చారు. ఆ వేషం వేసిన పెద్దావిడ ఆ రోజు సెట్లో చల్లారిపోయిన అన్నం ఒద్దని, పొగలొచ్చే అన్నం తెప్పించుకుని వడ్డించారట. పేజీ నిండా ఉండాల్సిన మాటలు పోయినందుకు సీన్ నిడివి తగ్గిందని ఎడిటర్ గోల పెట్టాడు. తగ్గిన నిమిషాలకి ఇంకో సీన్ రాసిచ్చాను.

అన్నీ అలా కుదరలేదు. అన్నిటికంటే గడ్డు రాత్రి ఒకటుంది. ఆ పెద్దావిడ మర్నాడొక్కరోజే ఉంటారు, ఆ తరవాత చాలా రోజులు దొరకరు. ఆవిడ ఉన్న సీన్లు, రాబోయే వారాలవి, పొద్దున్నకల్లా కావాలి. కథే ఇంకా తేలలేదు. నేను మొదటి సీన్ దగ్గర ఆగిపోయాను. అది తెగితే గానీ తరవాతిది ఎత్తుకోకూడదన్న పట్టుదలతో గంటలు గడిచిపోయాయి. వేళ్ళ సలుపు భుజం దాకా పాకింది. ఏడుపొచ్చింది. వల్ల కాదని ఫోన్ చేసేయమన్నాను నాన్నగారిని.

ఆయన ఫోన్ తీయలేదు. అవధానం గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. మా గోదావరి జిల్లాల్లో ఎక్కడ అష్టావధానం జరిగినా ఆయన వెళ్ళేవారు, చాలాసార్లు దత్తపదికి పృచ్ఛకుడిగా, అంటే ప్రశ్న ఇచ్చేవాడిగా, కూర్చున్నారు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి అవధానాలకి జనంలో అంత పేరు తెచ్చిన నేల అది. చిన్నప్పుడు నేనూ ఆయన వెంట వెళ్ళి, సగంలో ఆయన ఒళ్ళో నిద్రపోయేదాన్ని. ఆ రాత్రి ఆయన చెప్పింది ఇదీ: "అవధాని ఒక్క పృచ్ఛకుడి దగ్గర కూర్చుని నాలుగు పాదాలూ పూర్తి చెయ్యడమ్మా. నిషిద్ధాక్షరికి ఒక పాదం చెబుతాడు. సమస్య దగ్గరికి వెళ్ళి ఒక పాదం. దత్తపదికి ఒకటి, వర్ణనకి ఒకటి. మధ్యలో గంటలు లెక్కపెట్టుకుంటాడు, అప్రస్తుత ప్రసంగం చేసేవాడికి జవాబు చెబుతాడు. మళ్ళీ మొదటాయన దగ్గరికొచ్చి రెండో పాదం. చివర్న ధారణ. ఒకచోట ముడిపడితే అక్కడ తెగేదాకా కూర్చోడు. తను వేరేచోట ఉన్నంతసేపూ ఆ ముడి లోపల ఎవరో విప్పుతూనే ఉంటారు."

అప్పుడు సీన్లన్నిటికీ ఒక్కో కాగితం తీయించాను. ప్రతి సీన్‌కీ మొదటి మాట మాత్రమే చెప్పాను. వచ్చే మనిషి ఏమంటూ వస్తుంది, అంతే. అన్నీ తిరిగి మొదటిదాని దగ్గరికి వచ్చేసరికి దానికి రెండో మాట ఉంది. నిజంగా ఉంది. రెండో చుట్టులో కొన్ని సీన్లు సగానికి వచ్చాయి. ఒకటి మాత్రం కదలకుండా అలాగే ఉంది, దాన్ని దాటి వెళ్ళిపోయాను. మూడో చుట్టులో ఆ కదలని సీన్ అసలు అక్కర్లేదని తెలిసింది, పక్క సీన్లో ఒక వాక్యంలో అయిపోతుంది. నాన్నగారు కాగితాలు మంచం మీద వరసగా పరుచుకుని, ఏది ఎంతవరకూ వచ్చిందో చదివి వినిపించేవారు. వరస తప్పిన సీన్లు రాయడం వ్యస్తాక్షరి లాంటిదన్నారు. ఎక్కడెక్కడి అక్షరాలో చీటీల మీద విడివిడిగా అందిస్తే అవధాని చివరికి వాక్యం చేసి చెప్పడం అది. మధ్యలో మోగే ఫోన్లకి అప్రస్తుత ప్రసంగం అని పేరు పెట్టి వాటి సంగతి తనే చూసుకున్నారు. తెల్లవారేసరికి అన్ని సీన్లూ ఉన్నాయి. గొప్పగా ఉన్నాయని అనను. ఎవరి మాట వాళ్ళే మాట్లాడారు.

అవధానికి ఛందస్సు అండగా ఉంటుంది. యతి, ప్రాస బిగించే కొద్దీ ఆ బిగింపే తరవాతి మాటని అందిస్తుంది. నాకు అలాంటిదేం లేదే అని తరవాత ఆలోచించాను. ఉంది. పాత్రల అలవాట్లే నాకు ఛందస్సు. పెద్ద కోడలు గిన్నె మెల్లగా పెడుతుందని తెలిస్తే తరవాత ఏమంటుందో సగం తెలిసినట్టే. పాత్ర తెలియకుండా గడువుకి రాయమంటే అది ఎవరి వల్లా కాదని నా నమ్మకం.

కోలుకుంటున్న రోజుల్లో మావారు లైబ్రరీ నుంచి తెచ్చిన ఒక పుస్తకంలో దోస్తోయెవ్‌స్కీ కథ చదివాను. 1865లో అప్పులు నెత్తి మీదికొచ్చి ఆయన స్తెల్లోవ్‌స్కీ అనే ప్రచురణకర్తతో 3,000 రూబుళ్ళకి ఒప్పందం రాసుకున్నాడు. 1866 నవంబర్ 1కల్లా కొత్త నవల ఇవ్వకపోతే, తొమ్మిదేళ్ళ పాటు ఆయన రాసేవన్నీ పైసా ఇవ్వకుండా అచ్చేసుకునే హక్కు అవతలివాడిది. అప్పుడే మరో పక్క 'నేరము-శిక్ష' పత్రికలో భాగాలుగా వస్తోంది. అక్టోబర్ మొదటికి కొత్త నవల ఒక్క పేజీ లేదు. ఇరవై ఏళ్ళ స్టెనోగ్రాఫర్ అన్నా గ్రిగోర్యెవ్నాని పెట్టుకుని, అక్టోబర్ 4 నుంచి చెప్పి రాయించి, 26 రోజుల్లో 'జూదరి' పూర్తి చేశాడు. గడువు రోజున స్తెల్లోవ్‌స్కీ ఊళ్ళో లేకుండా పోతే పోలీస్ స్టేషన్లో రాతప్రతి అప్పగించి రసీదు తీసుకున్నాడు. మరుసటి ఏడాది ఆ అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు కాబట్టి లోకం దీన్ని ప్రేమకథగా చెప్పుకుంటుంది. నా కళ్ళు వేరేచోట ఆగాయి. ఆయన పగలు చెప్పినదానికి రాత్రిళ్ళు ముందే చిత్తు రాసుకునేవాడు. ఆమె ఆ షార్ట్‌హ్యాండ్‌ని రాత్రి ఇంట్లో కూర్చుని మామూలు రాతలోకి దించి పొద్దున్న తెచ్చేది. పైగా రూలెట్ బల్ల దగ్గర సర్వం పోగొట్టుకోవడం ఎలా ఉంటుందో ఆయనకి ఏళ్ళ తరబడి తెలుసు. ఇరవై ఆరు రోజుల్లో పుట్టిన నవల కాదది, ఇరవై ఆరు రోజుల్లో కాగితం మీదికి దిగిన నవల. గడువు మనిషి చేత పని చేయిస్తుందని, ఒత్తిడి ఉంటేనే మంచి రచన వస్తుందని తేలిగ్గా అనేవాళ్ళకి ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది. లోపల ఎన్నాళ్ళుగానో ఉన్నదాన్నే గడువు బయటికి లాగగలదు. అక్కడ ఏమీ లేకపోతే పక్కింటి మాటలే లాక్కొస్తుంది.

పోగొట్టుకున్నవి కూడా చెప్పాలి. చిన్న కోడలి పాత్ర పోయింది. ఆ అమ్మాయి జ్వరంతో చాలా రోజులు రాలేకపోయింది. లేని మనిషి గురించి మిగతావాళ్ళు మాట్లాడుకోవాలి కదా, కథలో ఆసక్తి నిలవాలంటే ఆమె ఏదో దాస్తోందని మాట్లాడుకోమన్నారు. రాశాను. ఆమె తిరిగొచ్చేసరికి దుర్మార్గురాలైపోయి ఉంది. నా మనసులో ఆమె చదువు మధ్యలో ఆపించేసిన తెలివైన పిల్ల, ఆ కసి అంతా అల్లికల్లో చూపించుకునే పిల్ల. ఆ కథ రాసే చోటే లేకుండా పోయింది. వేలమంది ఇళ్ళల్లో ఆ పిల్లని తిట్టుకున్నారు. మా ఇంటి కింద కూరల బండి ఆవిడ నన్ను ఆపి, "అట్లాంటిదాన్ని ఇంట్లో ఎట్లా ఉంచుకుంటున్నరమ్మా" అని అడిగింది. ఆవిడ నిజంగా బాధపడుతోంది. పగలంతా ఎండలో తోపుడు బండి తోసి, సాయంత్రం ఆ అరగంట కోసం కూర్చునే మనిషి. ఆవిడకి ఆ పిల్ల అసలు కథ చెప్పాల్సింది, చెప్పలేకపోయాం. సీరియల్ మాటలంటే ఎవరు వింటారులే, ఎలాగైనా నింపేయొచ్చు అనేవాళ్ళని నేను ఈ ఒక్క విషయంలో క్షమించలేను. ఆ మాటలు వినేవాళ్ళు పుస్తకం కొని చదివేవాళ్ళకంటే ఎంతో ఎక్కువమంది, వాళ్ళకి ఆ రోజుకి దొరికే కథ అదొక్కటే.

నాన్నగారిని ఎక్కువ బాధ పెట్టింది కూడా ఇదే. "మళ్ళీ దిద్దుకునే వీలే లేదా?" అని రోజూ అడిగేవారు. గురజాడ 'కన్యాశుల్కం' 1897లో అచ్చయింది. అప్పటికే ప్రదర్శనల్లో పేరు తెచ్చుకున్న నాటకం. అయినా అప్పారావుగారు దాన్ని అక్కడితో వదలక తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఈ రోజు మనం చదువుకుని మురిసిపోయే నాటకం ఆ రెండోదే. పన్నెండేళ్ళు ఒక రచన పక్కన నిలబడగలిగిన ఆ తీరిక గురించి నాన్నగారు క్లాసులో చెప్పినట్టే నాకు చెప్పారు. టేపు వెళ్ళిపోయాక నాకు రెండో కూర్పు లేదు. ఆయన రాసి ఇచ్చిన కాగితాల్లో ఒక్కటైనా తిరిగి చేతికి రాలేదు. షూటింగ్ అయిన సీన్ పేపరు లొకేషన్లో ఏ మూలో పడిపోయేది.

వానలు వెనకపట్టాక యూనిట్లో మనుషులు ఒక్కొక్కరే కోలుకున్నారు. కాల్షీట్లు గాడిన పడ్డాయి, బ్యాంక్ మెల్లగా పెరిగింది. దసరా వెళ్ళాక నాన్నగారు రాజమండ్రి వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు ఎవరూ అడక్కుండానే పాత్రల పేర్లు, వాళ్ళ మాట తీరు, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు అన్నీ ఒక నోటుబుక్కులో పట్టిక వేసి పెట్టి వెళ్ళారు. నా తరవాత వచ్చే రైటర్‌కి ఉపయోగపడుతుందన్నారు. నా వేళ్ళు పెన్ను పట్టడానికి చలికాలం నడిమి దాకా పట్టింది. మొదట్లో లావుపాటి స్కెచ్ పెన్నుకి గుడ్డ చుట్టుకుని రాశాను. ఇప్పటికీ ముసురు పట్టిన రోజుల్లో కుడి చేతి మధ్యవేలు మాట వినదు.

చెయ్యి తిరిగి వచ్చినా, పైకి చెప్పుకోకుండా ఒక్క మాట కూడా రాయడం లేదు ఆ తరవాత. నోటికి ఎదురు తిరిగే వాక్యం నటుడి నోటికీ తిరుగుతుంది, ఆ సంగతి మంచం మీద పడుకుని నేర్చుకున్నాను. ఏ సీన్ దగ్గరా గంటల కొద్దీ కూర్చోవడం లేదు. చుట్టు తిరిగి వస్తాను.

ఆ తరవాత ఒప్పుకున్న ప్రతి సీరియల్‌కీ డబ్బుల మాట కంటే ముందు బ్యాంక్ ఎంత ఉంచుతారని అడిగాను. రెండు వారాలకు తగ్గితే రెండో రైటర్‌ని ఇవ్వాలని, ఆ రెండో మనిషి పేరు కూడా టైటిల్స్‌లో వెయ్యాలని కాగితం మీద రాయించుకున్నాను. కొందరు ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్ళ దగ్గర పని మానుకున్నాను, ఆ నెలలు ఇల్లు గడవడం కష్టమైంది కూడా. నాతో రెండో రైటర్లుగా చేసిన పిల్లలు ఇప్పుడు సొంతంగా రాస్తున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి మొన్న ఫోన్ చేసి, బ్యాంక్ నాలుగు ఎపిసోడ్లే ఉందక్కా, ఏం చెయ్యను అని అడిగింది. సీన్లన్నిటికీ ఒక్కో కాగితం తియ్యమని చెప్పి, సగం సీన్లు నాకు పంపించెయ్యమన్నాను.